మూడు వందల అడుగులు

సినిమాహాలు మెట్లు దిగి వచ్చేవారి మాటలు చాటుగా వినడం నాకు చిన్ననాటినుంచీ ఉన్న దురలవాటు. ఎవరి నోట విన్నా ఒకటే ముక్క: "బాగానే ఉంది గాని, అక్కడక్కడ సాగదీశాడబ్బా!" మొన్న మా మనవడు ఇదే సంగతిని "ల్యాగ్, తాతా" అన్నాడు. అంటే ఏమిటిరా అని అడిగితే, "సాగదీత" అని అర్థం చెప్పాడు. అరవై ఏళ్లలో పేరు మారింది గాని నేరం మారలేదన్నమాట!

మూడు నిమిషాల సీను అరగంటగా తోచడమూ, పది నిమిషాల సీను చిటికెలో అయిపోయినట్లుండడమూ మీ అందరికీ అనుభవమే. ఎందుకలా జరుగుతుంది? ఈ ముచ్చట మీద రెండు మాటలు చెప్పడానికి నాకూ కొంచెం అర్హత ఉన్నది. నేను సినిమాలు తీయలేదు, రాయలేదు, మీసం అతికించుకొని వేషమూ కట్టలేదు. కత్తిరించాను. అంతే.

1966లో నాకు పదిహేడేళ్లు. స్కూలు ఫైనలు తప్పి ఇంట్లో కూర్చుంటే, మా నాయన నన్ను ఒక టూరింగు టాకీసు యజమాని దగ్గరకు తీసికొనిపోయి, "అన్నా, వీడికింత అన్నం పెట్టి ఏదో ఒక పని నేర్పించు" అని అప్పజెప్పినాడు. ఆ విధంగా ఆపరేటరుకు చేతికింది కుర్రవాడినయ్యాను.

మా టాకీసు అంటే ఒక డేరా, ఒక తెర, ఒక ఆయిలింజను, ఒక ప్రొజెక్టరు, రెండు ఎద్దుబండ్లు. నెల్లూరికి తూర్పున, మైపాడుకు అటూ ఇటూ సముద్రపు ఒడ్డున ఉన్న పట్టపుపాలేలన్నీ మా రాజ్యం. బకింగ్‌హాం కాలువ దగ్గర సామాను పడవకెక్కించి అవతలి గట్టున దించితే, అక్కడనుంచి అంతా ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోపులు. నేల టిక్కెట్టువారికోసం మేము ప్రత్యేకంగా ఇసుక తోలించవలసిన పని లేదు. భగవంతుడే పరిచి పెట్టినాడు.

పొద్దుగూకి సముద్రపు గాలి మొదలైందంటే తెర ముందుకు ఉబ్బేది. గాలివాటం అనే మాట ఎంతో చక్కనిది గాని, సినిమాకు అది పనికిరాదు. రంగారావుగారి సంగతి సరే. మా జిల్లావారైన రమణారెడ్డిగారు కూడా మా తెర మీద ఒక్కొక్క నిమిషం లావెక్కేవారు!

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి. ఆ రోజుల్లో సినిమాను గంటల్లో కాక అడుగుల్లో కొలిచేవారు. నిమిషానికి తొంభై అడుగుల ఫిల్ము నడుస్తుంది. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. రెండేసి రీళ్లు ఒక చుట్టగా చుట్టి ఎక్కిస్తే ఇరవైరెండు నిమిషాలు. పట్నంలో రెండు ప్రొజెక్టర్లుంటాయి గనుక ఒకటి అయిపోతూ ఉండగానే రెండవది అందుకొంటుంది. మాకున్నది ఒక్కటే. చుట్ట అయిపోగానే ఆట ఆపి, దీపం వేసి, మరొక చుట్ట ఎక్కించాలి. కాబట్టి మా డేరాలో ఇంటర్వెల్ ఒకటి కాదు, ఏడెనిమిది. బొరుగులూ, శనక్కాయలూ అమ్మేవాడికి మాకన్న ఎక్కువ మిగిలేదని మా యజమానికి అనుమానం.

ప్రొజెక్టరు పక్కన నిలబడి తెర చూచి చూచి విసుగెత్తిన తరువాత నేను జనాన్ని చూడడం మొదలుపెట్టాను. చీకట్లో జనం కనిపించరు. బీడీలు కనిపిస్తాయి. బీడీలో ఒక గుణం ఉన్నది. సిగరెట్టు మాదిరి దానంతటదే కాలుతూ కూర్చోదు. పీల్చేవాడు మరచిపోయాడా, ఆరిపోతుంది. సీను పట్టుగా ఉంటే పీల్చడం మరచిపోతారు, నిప్పులు ఒకటొకటే ఆరిపోతాయి. సీను సడలిందంటే ఒక మూల అగ్గిపుల్ల గీస్తారు, మరొక మూల మరొకటి. మూడు, నాలుగు, పది! ఆ పుల్లల మెరుపులు లెక్కపెడితే ఏ సీను నడుస్తున్నదో, ఏ సీను ఈడుస్తున్నదో నేను తెర చూడకుండానే చెప్పగలిగేవాడిని. పత్రికల్లో సమీక్షలు రాసే పెద్దలకు ఈ శాస్త్రం తెలియదనుకొంటాను.

ఆ శాస్త్రంలో నాకు మొదటి పాఠం చెప్పింది 'మాయాబజార్'. 1957లో వచ్చిన ఆ సినిమా నిడివి మూడు గంటల పైచిలుకు. అడుగుల్లో పదహారు వేలు దాటుతుంది. మా పాలేలకు అది చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. ఘటోత్కచుడు పెండ్లివారికోసం వండిన వంటలన్నీ తానొక్కడే తినేసే పాట ఉన్నదే, దాన్నిగురించి మా ఆపరేటరు ముందే హెచ్చరించాడు: "ఒక మనిషి అన్నం తింటాడు, అంతే. ఇక్కడ బీడీలు ముట్టిస్తారు చూడు." ఒక్కరూ ముట్టించలేదు. ఉన్నవి కూడా ఆరిపోయినవి!

ఆ రాత్రంతా ఆలోచించాను. తినడంలో ఏమున్నది? కాని ఆ వంట ఎవరిదో మనకు తెలుసు. పీటల మీద కూర్చోవలసినవారు ఆకలితో వస్తారని తెలుసు. తినేవాడెవడో వారికి తెలియదని కూడా తెలుసు. అందుచేత లడ్డూలు ఖాళీ అవుతున్నకొద్దీ మనకు వేడుక ఎక్కువవుతుంది. పడవ పాట కూడా అంతే. వెన్నెల్లో పడవ పోతూ ఉండడమే అయితే రెండో చరణానికి పుల్లలు గీసేవారే. ఒక జంట షికారుకు పోతే, వెనుకనే ఇంకొక జంట, ఆ తరువాత సాక్షాత్తు పెద్దలే వచ్చేస్తారు. దొరికిపోతారేమోనన్న గుబులు ఆ పాట పొడుగునా పడవ కింద నీళ్లలాగా ఉంటుంది.

దర్శకుడు కె.వి. రెడ్డిగారు స్టాప్ వాచీ చేత పట్టుకొని, ఏ సీనుకు ఎన్ని నిమిషాలో ముందే లెక్కకట్టి తీసేవారని చెబుతారు. అంత లెక్కగల మనిషి భారత కథ తీస్తూ పాండవులను తెరమీదికే రానివ్వలేదు. అయిదుగురికీ కలిపి ఒక్క అడుగు ఫిల్ము ఇవ్వని ఆయన ఘటోత్కచుడి భోజనానికి మాత్రం కావలసినంత ఇచ్చారు. పొదుపరి ఎక్కడ ఖర్చు పెట్టాడో చూస్తే ఆయన మనస్సు తెలుస్తుంది.

రెండవ పాఠం మరొక సినిమాలో వచ్చింది. పేరు చెప్పను. నాయకుడి తల్లి మరణించే సీను అది. ఆమె బతకదని మొదటి దగ్గులోనే మాకు తెలిసిపోయింది. నాయకుడికీ తెలిసింది, డాక్టరుకూ తెలిసింది. అయినా ఆమె ఒక్కొక్కరినే పిలిచి, ఒక్కొక్క బుద్ధి చెప్పి, మధ్య మధ్య దగ్గుతూ, సుమారు ఒక రీలు సాగింది. డేరా నిండా దీపావళి! చివరకు నేలలోనుంచి ఒక పట్టపు పెద్దమనిషి లేచి, "ఇంక పోనీయండబ్బా, ఆ తల్లిని యాతన పెట్టబాకండి!" అని కేక పెట్టాడు. డేరా అంతా గొల్లుమన్నది. పాపం, తెరమీద ఆమె ప్రాణం సరిగ్గా అప్పుడే పోయింది.

ఈ రెంటికీ తేడా ఏమిటో నాకు పుస్తకంలో దొరకలేదు. మరునాడు పొద్దున సముద్రపు ఒడ్డున దొరికింది. మీరెప్పుడైనా అలివి వల లాగడం చూచారా? పడవ మీద వలను తీసికొనిపోయి అర్ధచంద్రంగా సముద్రంలో వదలి, రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెస్తారు. ఇటు కొందరు, అటు కొందరు తాళ్లు పట్టుకొని, పదం పాడుతూ లాగుతారు. గంట, రెండు గంటలు పట్టవచ్చు. తాడు వస్తూనే ఉంటుంది. చూడడానికి అందులో ఏమీ లేదు. తడి తాడు, ఇసుక, చెమట. అయినా ఒడ్డున నిలబడినవారెవరూ కదలరు. నడుమ ఉన్న వల సంచిలో ఏమి పడిందో ఎవరికీ తెలియదు. సంచి దగ్గరపడేకొద్దీ పిల్లలు నీళ్లలోకి పరుగెడతారు. సంచి ఒడ్డున పడి, చేపలు గంపల్లోకి ఎత్తిన తరువాత మాత్రం ఒక్క నిమిషం కూడా ఎవరూ ఉండరు. కాకులు తప్ప.

సీను కూడా అంతే అనుకొన్నాను. సంచి నీళ్లలో ఉన్నంతసేపూ తాడు ఎంత పొడుగైనా ఫరవాలేదు. సంచి ఒడ్డున పడిన తరువాత ఇంకా లాగేవాడు కాకులకోసం లాగుతున్నాడన్నమాట. ఆ తల్లి దగ్గుకు ముందే సంచి ఒడ్డున పడిపోయింది.

చాలా ఏళ్ల తరువాత, హిచ్‌కాక్ అనే ఇంగ్లీషు దర్శకుడు దాదాపు ఇదే సంగతి మరొక విధంగా చెప్పాడని చదివి మురిసిపోయాను. ఇద్దరు బల్ల దగ్గర కూర్చొని ఊరి కబుర్లు చెప్పుకొంటున్నారట. ఉన్నట్లుండి బల్ల కింద బాంబు పేలితే మనకు పదిహేను సెకండ్ల ఉలికిపాటు. అదే బాంబు సంగతి మనకు ముందుగా తెలిస్తే, ఆ కబుర్లే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటాము. ఆయనకు బల్ల, బాంబు దొరికినవి. మాకు సముద్రం, వల. ఎవరికి అందుబాటులో ఉన్నది వారిది.

టాకీసు పని వదలి నేను వేరే ఉద్యోగంలో చేరిన తరువాత కూడా ఈ లెక్క నన్ను వదలలేదు. 1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. మూడుముప్పావు గంటల సినిమా. నెల్లూరిలో చూచాను. కర్ణుడి కులం ప్రస్తావన వచ్చినప్పుడు దుర్యోధనుడు నిండు సభలో ఎత్తుకొన్న ప్రసంగం ఉన్నదే, మరొక సినిమాలో అయితే అది ఉపన్యాసమే. కాని పక్కన కర్ణుడు తలవంచుకొని నిలబడి ఉన్నాడు. ఆ తల ఎప్పుడు లేస్తుందా అని మనము చూస్తున్నాము. కొండవీటి వెంకటకవిగారి మాటలు ఎంత పొడుగైనా ఆ వంచిన తల వాటిని మోసింది. తరువాత ఆ సంభాషణలు రికార్డులుగా వచ్చి, పెళ్లి పందిళ్లలో మైకుల్లో మోగినవి. బొమ్మ లేకుండా సీను ఒక్కటే విన్న జనం మన జనం. మనవారికి పొడుగంటే గిట్టదని ఎవరనగలరు?

ఈ మధ్య సంగతి కూడా చెబుతాను. సూళ్లూరుపేటలో 2019లో వందడుగులకు పైబడిన వెడల్పుతో ఒక తెర వెలిసింది. గాలికి ఉబ్బదు! మా మనవడు 2024 డిసెంబరులో నన్ను అక్కడికి తీసికొనిపోయి 'పుష్ప' రెండవ భాగం చూపించాడు. మూడు గంటల ఇరవై నిమిషాలు. హాలులో బీడీలు ఏనాడో పోయినవి. నా లెక్కకు ఇక ఆధారం లేదే అని విచారిస్తూ ఉండగా, చీకట్లో ఒక నీలం వెలుగు కనిపించింది. సెల్‌ఫోను! మరొక మూల మరొకటి. నా శాస్త్రం బతికే ఉన్నది. నాయకుడు చీర కట్టి, ఒంటికి నీలం రంగు పూసుకొని జాతరలో ఊగిపోయే సీను చాలా పెద్దది. కాని మా వరుసలో అంతసేపూ ఒక్క ఫోనూ వెలగలేదు. అంతకన్న ఎంతో చిన్నవైన మరి రెండు మూడు సీనుల్లో మాత్రం నక్షత్రాలు పొడిచినవి.

ఆ సినిమాకే 2025 జనవరిలో మరొక ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ విడుదల చేశారు. అదే సంవత్సరం అక్టోబరు 31న 'బాహుబలి' రెండు భాగాలనూ కలిపి, పాటలూ ప్రేమకథా కొంత తీసేసి, ఒక్క సినిమాగా వదిలారు. ఒకరు అతికించారు, ఒకరు కత్తిరించారు. ఇద్దరి చేతిలోనూ కత్తెర ఉన్నది. ఆ కత్తెరను తలచుకొంటేనే నాకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి గుర్తుకొస్తుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది.

మా డేరాకు 'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం' వచ్చింది. 1960 సినిమా. తీసిన పి. పుల్లయ్యగారు నెల్లూరువారు. అదే కథను ఆయన 1939లో ఒకసారి తీసి, ఇరవై ఒక్కేళ్లకు మళ్లీ తీశారు. మాటలు రాసిన ఆత్రేయగారు సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడువారు. ఇంతమంది మనవారున్న సినిమా గనుక పాలెం పాలెం కదలివచ్చింది. అందులో ఘంటసాలగారు తామే తెరమీద కనిపించి, స్వామి ఎదుట కూర్చొని ఒక పాట పాడతారు. ఆ పాట రాగానే మొదటి రాత్రి జనమంతా లేచి నిలబడ్డారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పాట అయిపోతే ఒప్పుకోలేదు. ఆట ఆపించి, చుట్ట వెనక్కు తిప్పించి, మళ్లీ వేయించారు. ఆట ముగిసేసరికి రాత్రి రెండు గంటలయింది. తెల్లవారుజామున తెప్పలు సముద్రం మీదికి పోవాలి. మరునాడు కొందరు నిద్రకళ్లతో వచ్చి మా యజమానితో గొడవ పెట్టుకొన్నారు. ఇంజనుకు నూనె ఖర్చు సరేసరి.

"ఆ పాట ఎత్తేయండి. దాంట్లో కథేముంది?" అన్నాడు యజమాని. ఆపరేటరు ఆ పని నాకు అప్పగించాడు.

మూడు నాలుగు నిమిషాల పాట. అడుగుల్లో మూడు వందల చిల్లర. మొదలు, కొస గుర్తుపట్టి కత్తిరించాను. కొసలు బ్లేడుతో గీకి, సిమెంటు పూసి అతికించాను. తీసిన ముక్కను చుట్టి ఒక రేకు డబ్బాలో పెట్టాను. నేను ఒంటరిగా వేసిన మొదటి అతుకు అది. రాత్రి ఆటలో ఆ చోటు వచ్చేసరికి గుండె దడదడలాడింది. శబ్దం ఒక్క రవ్వ తెగిందేమో గాని బొమ్మ ఎగరనైనా ఎగరలేదు. అంతకన్న సంతోషమేమిటంటే, ఒక్క అగ్గిపుల్ల వెలగలేదు! కథ చకచక నడిచింది. నా లెక్క ప్రకారం కత్తిరింపు సరి.

జనం వెళ్లిపోయారు. నేలలో ఒక ముసలమ్మ, పక్కన పాతికేళ్ల కొడుకు కూర్చొనే ఉన్నారు. నేను పోయి లేపబోయాను.

"అబ్బయా, సామి పాట ఎప్పుడు ఏస్తారు?" అన్నది.

"ఆట అయిపోయింది, అవ్వా."

"అయిపోయిందా? నిన్న ఏసినారే!"

నాకు నోట మాట రాలేదు. కొడుకు మెల్లగా చెప్పాడు. నెల కిందట గాలిలో వాడి తెప్ప కొట్టుకొనిపోయి మూడో రోజుకు ఒడ్డు చేరిందట. ఆమె తిరుపతికి మొక్కుకొన్నది. పోవడానికి చేతిలో డబ్బు లేదు. మొదటి రాత్రి తెరమీద స్వామిని, ఆ పాటను చూచి, ఇదే నా తిరుపతి అనుకొన్నది. రెండవ రాత్రి కొడుకును వెంటబెట్టుకొని, కొంగున కర్పూరం ముడివేసికొని వచ్చింది.

ఇంతలో యజమాని వచ్చాడు. "కథంతా చూపించినాం గదమ్మా! ఇంకేం కావాల?" అన్నాడు.

"కథ నాకెందుకు సామీ? కథ నాకు తెలుసు" అన్నది ఆమె.

అయిదు నిమిషాలు ఇంజను వేస్తే పాట ముక్క ఒక్కటే ఎక్కిస్తానని నేను గొణిగాను. ఇంజను చల్లారిపోయింది, రేపు చూద్దామన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి చూచుకొన్నది. తెరవైపు చూచింది. తెర తెల్లగా ఉన్నది. మళ్లీ ముడివేసికొని, కొడుకు భుజం పట్టుకొని లేచి ఇసుకలో నడిచిపోయింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. లాంతరు పెట్టుకొని ఆ మూడు వందల అడుగులూ మళ్లీ అతికించాను. యజమానికి చెప్పలేదు. మూడవ రాత్రి పాట వచ్చింది, జనం లేచారు. ప్రొజెక్టరు వదలి డేరా అంతా వెదికాను. ఆమె రాలేదు. కొడుకూ రాలేదు. మరునాడు మేము గుంజలు పీకి బండ్లు కట్టుకొని పోయాము.

నా బీడీల శాస్త్రం అబద్ధమని నేననను. సంచి ఒడ్డున పడిన తరువాత తాడు లాగరాదనే ఇప్పటికీ నా నమ్మకం. కాని ఆ పాటలో తాడు సినిమావారు వేసింది కాదు. ఆమె ఇంటినుంచి తెచ్చుకొన్నది. చీకట్లో బీడీ కనిపిస్తుంది, ఫోను కనిపిస్తుంది. కొంగున ముడివేసిన కర్పూరం కనిపించదు. సీను పొడుగును గురించి ఎవరు ఎంత గట్టిగా తీర్పు చెప్పినా నాకు ఆ రేకు డబ్బా గుర్తుకొస్తుంది.

అందుకే మా మనవడు "ల్యాగ్, తాతా" అన్నప్పుడల్లా, "ఎవరికిరా?" అని అడుగుతాను. వాడు నవ్వేసి ఊరకుంటాడు.